ఇనుప తాడు తెగిన రోజు

అంకుశానికి నలభై ఏళ్ళు నిండకముందే భివండీ చుట్టుపక్కల మట్టి పనులు చేయించే వాళ్ళందరికీ అతని పేరు తెలిసింది. ఊరి బయట ఖాడీ ఒడ్డున, సముద్రపు నీళ్ళు వచ్చిపోయే బురద నేలలో గోదాములు కట్టడం మొదలైన రోజులవి. ఆ బురదను మొరంతో పూడ్చడానికి లారీలు, మట్టి తవ్వే పొక్లెయిన్లు దిగేవి. దిగిన వాటిలో నెలకు ఒకటైనా కూరుకుపోయేది. ఇరవై టన్నుల ఇనుము పొద్దున్నే చక్రాలకు బదులు తిరిగే ఇనుప చైన్ల దాకా మునిగి, మధ్యాహ్నానికి క్యాబిన్ మెట్టు దాకా దిగిపోతుంటే, ఎవరో ఒకరు మగ్గాల పేట నార్పోలికి మనిషిని పంపేవారు, ఆ తెలుగాయన్ని తీసుకురమ్మని.

ఆ తెలుగాయన పుట్టి పెరిగింది సిరిసిల్ల దగ్గర ఒక పల్లె. ఇంటికి గుంట భూమి లేదు. మేనమామ నాగయ్య బావులు తవ్వే ముఠాకు మేస్త్రీ. బావిలో పడ్డ ఆయిల్ ఇంజన్లను, చెరువు ఒండ్రులో దిగబడ్డ బండ్లను పైకి లాగే పని ఆ చుట్టుపక్కల ఆయనదే. మొలతాడు వయసు నుంచీ మామ వెంట తిరిగిన అంకుశానికి బరువు ఎక్కడ పట్టుకుంటే కదులుతుందో చేతులకే తెలిసిపోయింది. బోర్లు వచ్చాక బావులు తవ్వించేవాళ్ళు లేకుండాపోయారు. ఊళ్ళో సగం మంది ఎక్కే భివండీ బస్సు తానూ ఎక్కాడు. అది ఎనభై ఆరు. నార్పోలిలో గాలయ్య సేటు కార్ఖానాలో మరమగ్గాల మీద కుదిరాడు. గాలయ్యదీ తెలుగు నేలే. ఆయన తండ్రి కాలంలోనే వచ్చి, నాలుగు సాంచాలతో, అంటే నాలుగు మరమగ్గాలతో మొదలుపెట్టి నలభై దాకా ఎదిగిన కుటుంబం.

రెండేళ్ళకు అంకుశం పెళ్ళయింది. భార్య చంద్రవ్వ పాటగత్తె. బతుకమ్మ రోజుల్లో ఆమె పాట ఎత్తుకుంటే పక్క వాడకట్టు ఆడవాళ్ళు తమ ఆట ఆపి ఇటు వచ్చేవారని ఊళ్ళో ఇప్పటికీ చెబుతారు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు అంకుశం ఆమె ముఖం సరిగ్గా చూడనే లేదు. లోపలి గదిలో ఆమె ఎవరి పిల్లనో జోకొడుతూ పాడుతున్న గొంతు విని, తిరిగి వస్తూ దారిలో మామకు సరేనని చెప్పేశాడు.

ఆమెను నార్పోలికి తెచ్చుకున్నాడు. వాళ్ళ ఒంటిగది ఖోలీకి కార్ఖానాకు మధ్య ఒకటే గోడ. పగలూ రాత్రీ మగ్గాలు ఆడుతూనే ఉండేవి. గోడకు ఆనించిన గిన్నెలు అదిరేవి. పొయ్యి మీద ఏం ఉడుకుతున్నదో చప్పుడుతో కాక వాసనతో తెలుసుకోవాల్సి వచ్చేది. చంద్రవ్వ మొదటి ఏడాది పాడటానికి ప్రయత్నించింది. రెండో ఏడాది మానేసింది. మూడో ఏడాది ఆమె గొంతు అరిచి అరిచి బొంగురుపోయింది. తొంభై రెండులో బతుకమ్మకు ఊరికి వెళ్ళింది. వెళ్ళి, బీడీల కంపెనీలో కార్డు చేయించుకుని అక్కడే ఉండిపోయింది. కొట్లాట ఏమీ జరగలేదు. అక్కడ తనకు నిద్ర పడుతున్నదని మాత్రం చెప్పి పంపింది. అంకుశం ఏడాదికి రెండుసార్లు వెళ్ళి పది రోజులుండి వచ్చేవాడు. భివండీ వదిలేస్తే ఊళ్ళో చేయడానికి పనిలేదు.

తొంభై ఆరులో గాలయ్య మగ్గాల లాభంతో ఒక పాత పొక్లెయిన్ కొన్నాడు. గోదాముల పనికి పంపిన రెండో వారంలోనే అది బురదలో కూరుకుపోయింది. రెండు లారీలు కట్టి లాగితే తాళ్ళు తెగాయి గానీ యంత్రం కదల్లేదు. మగ్గం ముందు నిలబడ్డ అంకుశం ఈ సంగతి విని, నేను చూసొస్తాను సేటూ అన్నాడట. గాలయ్య నవ్వుతూనే పంపాడు.

అంకుశం చెప్పులు విడిచి యంత్రం చుట్టూ వట్టి కాళ్ళతో రెండుసార్లు తిరిగాడు. ఎక్కడ బురద పాదాన్ని పట్టి లాగుతున్నదో, ఎక్కడ గట్టి నేల తగులుతున్నదో చూసుకున్నాడు. తడి మట్టి యంత్రం అడుగును నోటితో పట్టినట్టు పట్టుకుంటుంది. ఆ పట్టు వదిలించకుండా ఎంత లాగినా తాడు తెగాల్సిందే. అతను చైన్ల పక్కన పారతో గాడి తీయించి, గడకర్రలతో అడుగు దాకా పొడిచి, ఆ సందుల్లోకి నీళ్ళూ గాలీ పోనిచ్చాడు. ఎదుట ఏటవాలుగా దారి తవ్వించి, అందులో కార్ఖానాల నుంచి తెప్పించిన చిందీ గోతాలు పరిచాడు. చిందీ అంటే నేతలో మిగిలిన దారపు పీచు, గుడ్డ పేలికలు. ఆ గోతాలు బురదను పీల్చి కొబ్బరిపీచు చాపలా బిగుసుకున్నాయి. చైనుకు అడ్డంగా ఒక దుంగ కట్టించి, అప్పుడు లాగమన్నాడు. సాయంత్రానికి పొక్లెయిన్ గట్టు మీద ఉంది.

ఆ పని అతనికి నచ్చింది. అందులో వచ్చే పేరుకన్నా ఖాడీ దగ్గరి నిశ్శబ్దం ఎక్కువ నచ్చింది. పని ముగిశాక ఒడ్డున కూర్చుంటే అక్కడ చంద్రవ్వ పాడితే ఎలా ఉంటుందో అనుకునేవాడు. కొంగల అరుపు, నీళ్ళు వెనక్కి పోయేటప్పుడు బురదలో బుడగలు చిట్లే చప్పుడు తప్ప మరేమీ ఉండదు అక్కడ. కొన్నాళ్ళకు ఆ బుడగల చప్పుడు వినిపించడం మానేసింది. తర్వాత కొంగలు. మొదట ఆ ఏడాది కొంగలు రాలేదనుకున్నాడు. కళ్ళెత్తి చూస్తే తెల్లగా గుంపులు గుంపులుగా ఉన్నాయి.

పదకొండేళ్ళ మగ్గాల చప్పుడు అతని చెవులను తినేసింది. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. కార్ఖానాలో మనుషులు ఎలాగూ పెదాల కదలిక చూసే మాట్లాడుకుంటారు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఏమన్నాడో అంకుశం ముఖం చూసి చెప్పేయగలడు. ఒక్క పాండుకు మాత్రం తెలుసు. పాండు అదే ఊరి వాడు, అదే ఖోలీలో ఉంటాడు, బురద పనికి వెంట వస్తాడు. యంత్రాన్ని లాగేటప్పుడు పాండు అతని వెనక నిలబడేవాడు. భుజం మీద ఒకసారి తడితే ఆగు, రెండుసార్లు తడితే కానివ్వు, చొక్కా పట్టి గుంజితే పక్కకు తప్పుకో. ఇంజన్ మీద ఎంత భారం పడుతున్నదో అంకుశం దాని ఒంటి మీద అరచేయి పెట్టి తెలుసుకునేవాడు. చూసేవాళ్ళకు అదొక విద్యలా కనిపించేది.

ఇబ్బందల్లా ఫోనుతోనే. నెలకోసారి ఆదివారం పది గంటలకు చంద్రవ్వ ఊళ్ళోని ఎస్టీడీ బూతుకు వచ్చేది. అతను ధామన్కర్ నాకా కూడలి దగ్గరి బూతు నుంచి మాట్లాడేవాడు. ఫోనులో పెదాలు కనపడవు. రిసీవర్‌లో సన్నగా దోమ ముసిరినట్టు ఏదో వినిపించేది, అంతే. అది ఆమె గొంతేనని తెలుసు. దాన్ని చెవికి గట్టిగా నొక్కుకుని, ఆగినప్పుడల్లా ఆ అనేవాడు, సరే అనేవాడు, తను అనుకుని వచ్చిన రెండు మాటలు చెప్పేవాడు. బయటికొచ్చాక రోడ్డు మీద కాసేపు ఊరికే నిలబడేవాడు. అంత మాట్లాడింది, ఒక్క మాటైనా తనకు దక్కలేదు. ఊరికి పోయినప్పుడు మాత్రం ఆమె ఎదురుగా కూర్చుని ముఖం మీదనుంచి చూపు తిప్పేవాడు కాదు. ఇంత వయసొచ్చీ ఏందా చూపని ఆమె సిగ్గుపడేది. చెవుల సంగతి చెప్పాలని ప్రతిసారీ అనుకుని, ప్రతిసారీ చెప్పకుండానే బస్సెక్కేవాడు.

రెండు వేల ఒకటి భాద్రపదంలో పాండు ఊరికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు వదినె కూడా వెంట వస్తున్నదని గాలయ్య ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు. తొమ్మిదేళ్ళ తర్వాత చంద్రవ్వ భివండీ వస్తున్నది. ఎందుకో, ఎన్నాళ్ళకో పాండు చెప్పలేదు. అంకుశం ఖోలీకి సున్నం వేశాడు. కొత్త చాప కొన్నాడు. తెల్లవారి ఆరు గంటలకు నాకాలో దిగే బస్సుకు ఎదురు వెళ్ళాలని, నాలుగింటికే లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

అయిదు గంటలకు గాలయ్య స్వయంగా స్కూటర్ మీద వచ్చాడు. రాత్రి వానకు ఒడ్డు జారి పొక్లెయిన్ ఖాడీలోకి దిగిందన్నాడు. సగం వాలి ఉంది. ఆ రోజు అమావాస్య, మధ్యాహ్నం పోటు మామూలుకన్నా ఎక్కువ వస్తుంది, నీళ్ళు ఇంజన్‌లోకి పోతే ఇక దాన్ని పాత ఇనుముకు అమ్ముకోవాల్సిందే. అంకుశం బస్సు సంగతి చెప్పాడు. బస్సు కాడికి నేను మనిషిని పంపిస్త, నువ్వు స్కూటరెక్కు అన్నాడు గాలయ్య. అంకుశం ఒక్క నిమిషం సున్నం వేసిన గోడ వైపు చూశాడు. ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, పాతది వేసుకున్నాడు.

బస్సు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. నాకా దగ్గర దిగిన పాండుకు గాలయ్య మనిషి ఈ కబురు చెప్పాడు. తను లేకుండా అన్న తాడు దగ్గరికి పోయాడు. ఆయనకు వినపడదని అక్కడ ఒక్కరికీ తెలియదు. వదినెను ఖోలీలో దింపే తీరిక కూడా లేదని, మూటలతో సహా ఆమెను ఆటోలో ఎక్కించుకుని నేరుగా ఖాడీకి పోనిచ్చాడు. ఎందుకింత తొందరని ఆమె దారంతా అడిగింది. అతను ఆటోవాణ్ణి ఇంకా తొందరగా పోనివ్వమంటూనే ఉన్నాడు.

వాళ్ళు గట్టెక్కేసరికి తొమ్మిది గంటలైంది. గట్టి నేల మీద ఇంకో యంత్రం నిలబడి ఇనుప తాడుతో లాగుతున్నది. రెండో కొసన, మోకాటిలోతు బురదలో, వాలిన పొక్లెయిన్ చైను పక్కన అంకుశం. యంత్రం ఒంటి మీద ఎడమ అరచేయి పెట్టి, ముఖం దానివైపు తిప్పి నిలబడ్డాడు. తాడు వైపు అతని వీపు. అతనొక్కడే అంత దగ్గరగా ఉన్నాడు, మిగతా వాళ్ళంతా దూరంగా ఉన్నారు.

తాడు మధ్యలో ఒక పోగు పటుక్కున తెగి పైకి లేచింది. వెంటనే ఇంకొకటి. లాగే యంత్రం డ్రైవర్ వైభవ్‌కు అది కనపడలేదు. గట్టు మీది వాళ్ళు ఒక్కసారిగా హటో హటో అని, తప్పుకొమ్మని కేకలు పెట్టారు. అంకుశం తల తిప్పలేదు. గాలయ్య అరిచాడు. అయినా తిప్పలేదు. పాండు అప్పటికే చెప్పులు వదిలి బురదలోకి దూకాడు. చంద్రవ్వ చేతిలోని మూట కింద పడేసి, భర్తను పేరు పెట్టి పిలిచింది. పెళ్ళయిన పదమూడేళ్ళలో ఆ పేరు ఆమె నోటి నుంచి ఎన్నడూ రాలేదు. అంకుశం, ఓ అంకుశం అని రెండుసార్లు, ఒకప్పుడు పక్క వాడకట్టు వినే గొంతుతో పిలిచింది. అతను ఒంటి పక్షిలా అలాగే నిలబడి ఉన్నాడు.

పాండు వెళ్ళి అతని నడుము పట్టి బురదలోకి పడదోశాడు. తాడు తెగి, అతని తల ఉన్నచోటు మీదుగా ఈల వేస్తూ పోయి చైనుకు కొట్టుకుంది. ఇనుము మీద బెత్తెడు గాటు పడింది.

అంకుశం లేచి, కళ్ళల్లో బురద తుడుచుకుని, ముందు తాడును చూశాడు. తర్వాత పాండును. పాండు చూపు వెంట గట్టు మీదికి చూస్తే, అక్కడ చంద్రవ్వ కూలబడి ఉంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. అంత దూరం నుంచి అతనికి ఏమీ అర్థం కాలేదు. చేయెత్తి, ఏం కాలేదన్నట్టు ఊపాడు. ఆమె తిరిగి చేయి ఊపలేదు.

పోటుకు ఇంకా మూడు గంటల సమయం ఉంది. గాలయ్య, పోతే పోయింది, వదిలేయమన్నాడు. అంకుశం వదల్లేదు. కొత్త తాడు తెప్పించి కప్పీ మీదుగా రెండు వరసలు వేయించాడు. దిగువ వైపు చైను కింద మళ్ళీ గాడి తీయించాడు. ముప్ఫై గోతాల చిందీ పడింది. పాండు అతని వెనక నిలబడ్డాడు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి అందరి ముందే భుజం తట్టాడు. పన్నెండున్నరకు ఖాడీ నీళ్ళు చైన్లను తాకుతుండగా పొక్లెయిన్ మెల్లగా, ఎనుము మడుగులోంచి లేచినట్టు లేచి దుంగ మీదికెక్కింది. వైభవ్ దాన్ని గట్టి నేల మీదికి చేర్చి, దిగివచ్చి అంకుశం కాళ్ళు పట్టుకోబోయాడు. అంకుశం అతన్ని ఆపి, గట్టు వైపు నడిచాడు.

చంద్రవ్వ పొద్దుటి నుంచి అక్కడే కూర్చుని ఉంది. ఈలోగా పాండు ఆమెకు అంతా చెప్పేశాడు. అంకుశం వచ్చి ఎదురుగా బురద బట్టలతోనే కూర్చున్నాడు. ఆమె అతని ముఖానికి ఎదురుగా జరిగి, మాటలు విడివిడిగా పలుకుతూ అడిగింది.

"ఎప్పటి సంది ఇనవడ్తలేదు?"

"నాలుగైదేండ్లు."

"నాకెందుకు చెప్పలే?"

అతను నీళ్ళ వైపు చూశాడు. ఆమె అతని గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది.

"నువ్వు పాడేదానివి," అన్నాడు. "నీ పాట ఇనవడదని నీకెట్ల చెప్పాలె?"

ఆమె కొంగుతో అతని చెంప మీది బురద తుడిచింది. తర్వాత అన్నది, "మూడేండ్ల కింద ఫోన్ల అడిగిన. ఈడ నాకొక్కదానికి మనసున పడ్తలేదు, నీ దగ్గరికి రానా అని. నువ్వేమన్నవో యాదికున్నదా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"వానలు మంచిగ పడ్డయా అన్నవు. మల్ల నెల మల్లడిగిన. గప్పుడు, సరే, పెట్టేస్తున్న అన్నవు. వద్దంటున్నడనుకున్న. ఇంకో మనిషి ఉన్నదేమో అనుకున్న. అదేందో నా కండ్లతోని సూద్దామనే వచ్చిన."

అంకుశం ఆమె పెదాలనే చూస్తున్నాడు. ప్రతి మాటా అందింది. మూడేళ్ళ క్రితం ఆదివారాలు, నాకా దగ్గరి బూతు, చెవిలో దోమలా మోగిన ఆ చప్పుడు, అంతా ఒక్కసారి మీదికి వచ్చింది. "నేను ఇనలే చంద్రీ," అన్నాడు. "ఒక్క ముక్క గుడ ఇనలే." మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఖోలీలో పాండు ఇంకో సంగతి చెప్పాడు. వదినె నిన్ను పేరు పెట్టి పిలిచింది అన్నా, అన్నాడు. అంకుశం నమ్మలేదు. చంద్రవ్వ తల వంచుకుని బియ్యం ఏరుతున్నది. ఆమె ముఖం చూశాక నమ్మాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు పాండును అడిగాడు, ఎట్లా పిలిచిందిరా, ఎంత గట్టిగా, పాటలో ఉండే గొంతేనా అని. పాండుకు అలాంటివి చెప్పడం చేతకాదు. గట్టిగనే పిలిసింది అన్నా, ఖాడీ అవతలి దాకా ఇనవడ్డది అనేవాడు. ఇంకోసారి పిలవమని చంద్రవ్వనే అడగాలని అంకుశానికి ఉండేది. అడిగితే ఆమె పిలిచేది కాదు, పిలిచినా తనకు అందేది కాదు.

గాలయ్య అతన్ని రెండు నెలలు తాడు దగ్గరికి రానివ్వలేదు. చెవులు లేని మనిషి చస్తే ఆ పాపం నాకెందుకన్నాడు. కళ్యాణ్ నుంచి ఇంకొకర్ని పిలిపిస్తే, ఆయన ఒక యంత్రం చైను తెంపిపోయాడు. అప్పుడు మళ్ళీ అంకుశాన్నే పిలిచాడు, పాండు లేకుండా బురదలో కాలు పెట్టొద్దనే షరతు మీద. మగ్గాల పని మాత్రం పూర్తిగా మాన్పించాడు.

చంద్రవ్వ ఆ ఏడు బతుకమ్మ అక్కడే ఆడింది. నార్పోలి ఆడవాళ్ళతో కలిసి అక్కడి చెరువు వరాలా తలావ్‌కు వెళ్ళింది. ఎన్నో ఏళ్ళకు మంచి గొంతు దొరికిందని వాళ్ళు ఆమెనే పాట ఎత్తుకోమన్నారు. అంకుశం గట్టు మీద మగవాళ్ళ మధ్య నిలబడి ఆమె పెదాలనే చూశాడు. పాటలోని మాటలన్నీ అతనికి తెలుసు. ఏ మాట దగ్గర గొంతు లేస్తుందో, ఎక్కడ సాగుతుందో కూడా తెలుసు. అన్నీ తెలిసినా, ఇరవై నాలుగేళ్ళ వయసులో, పెళ్ళిచూపుల నాడు విన్న గొంతునే తలుచుకోవాల్సి వచ్చింది. ఇప్పటి గొంతు ఎలా ఉందో పక్కనున్న ఎవరినైనా అడగొచ్చు. అడగలేదు.

డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళారు. చెవికి మిషన్ ఇచ్చారు. అది పెట్టుకుంటే మగ్గాలకు కరెంటు ఆపేసే శుక్రవారాల్లో ఆమె మాట రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వినపడేది. మగ్గాలు మొదలైతే తల పగిలిపోయేది. నాలుగు శుక్రవారాలు చూసి, తీసి పెట్టెలో పెట్టేశాడు.

దీపావళి తర్వాత ఆమె ఊరికి తిరిగి వెళ్ళిపోయింది. బీడీ కార్డు వదులుకుంటే పదేళ్ళ పీఎఫ్ పోతుంది కదా. ఎండాకాలం కంపెనీ నుంచి బీడీ ఆకు రాదు, ఆ మూడు నెలలూ ఏటేటా వస్తానన్నది. వచ్చింది కూడా. మిగతా తొమ్మిది నెలలకు ఫోను మానేశారు. ఆమె ఊళ్ళో చదువు నేర్పే సెంటర్‌కు పోయి, ముప్ఫై రెండేళ్ళ వయసులో అక్షరాలు దిద్దింది. మొదటి ఉత్తరం ఆరు నెలలకు వచ్చింది. గీత మీద నిలవని అక్షరాలు, నాలుగే నాలుగు వాక్యాలు. ఆకు సరిగ్గా ఇస్తలేరు. మేక ఈనింది. మొన్న వాన పడ్డది. నువ్వు ఎన్నడొస్తవు.

అంకుశం ఆ ఉత్తరాన్ని ఖాడీ గట్టు మీద కూర్చుని చదివాడు. వెనక యంత్రం లాగడానికి సిద్ధంగా ఉంది, పాండు వచ్చి భుజం తట్టాడు. ఇంకోసారి చదువుకుంటానని చేత్తో సైగ చేశాడు. పని అయిన మర్నాడు పోస్టాఫీసుకు వెళ్ళి కార్డు కొని, అక్కడి బల్ల మీదే రాశాడు. పెద్ద పెద్ద అక్షరాలతో, ఆమె కూడబలుక్కోగలిగేలా, బస్సు ఏ రోజుదో, ఎన్ని గంటలకు దిగుతాడో రాశాడు.